యూకేలో లాంగ్ సిక్ లీవ్‌లో ఉండగా రిడండెన్సీ లెటర్ వస్తే ఏమేం రావాలి, ఎలా లెక్కేస్కోవాలి, ఎలా అడగాలి

జబ్బు చేసి నెలల తరబడి ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆఫీసు నుంచి రిడండెన్సీ లెటర్, అంటే మీ పోస్టే తీసేస్తున్నామన్న లెటర్, వస్తే ఫస్ట్ వచ్చే డౌట్ ఇదే, నేను పనికే వెళ్ళట్లేదు కదా, నాకు రిడండెన్సీ పే ఇస్తారా, ఇచ్చినా ఇప్పుడొస్తున్న సిక్ పే మీదే లెక్కేస్తారా అని. ఇవ్వాలి, అది కూడా మీరు బాగుండి డ్యూటీకి వెళ్తుంటే వచ్చే మామూలు జీతం మీద లెక్కేసి ఇవ్వాలి. సిక్ లీవ్‌లో ఉన్నారన్న కారణంతో తగ్గించడానికి లేదు. కంపెనీ దయతో ఇచ్చేది కాదు ఇది, ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 1996 ఇచ్చిన హక్కు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే మన తెలుగువాళ్ళు ఇక్కడ హాస్పిటళ్ళలో, కేర్ హోముల్లో, ఐటీలో చాలామంది ఉన్నారు, ఒంట్లో బాగోనప్పుడు హెచ్ఆర్ నుంచి వచ్చిన లెటర్ చదివే ఓపిక కూడా ఉండదు, ఇంట్లోవాళ్ళు చదివినా వాళ్ళే వేసిన లెక్క కదా కరెక్టే అయ్యుంటుందిలే అని సంతకం పెట్టించేస్తారు. ఆ సంతకం దగ్గరే వేల పౌండ్లు పోతున్నాయి. అందుకే ఇంట్లో ఎవరైనా జబ్బుగా ఉంటే ఇది వాళ్ళ బదులు మీరు చదవండి, కాగితాలు ముందేసుకుని కూర్చోండి. ఇందులో చెప్పేదంతా ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్‌కి వర్తిస్తుంది, నార్తర్న్ ఐర్లాండ్‌లో చట్టం వేరే, లిమిట్లు వేరే.

లెటర్ రాగానే చూడాల్సింది డబ్బు కాదు, కారణం

లెటర్‌లో జాబ్ ఎందుకు పోతోందని రాశారో చూడండి. ఆ పోస్టే తీసేస్తున్నారు, ఆ బ్రాంచ్ మూసేస్తున్నారు, అంతమంది అవసరం లేదు అంటే అది రిడండెన్సీ. అలా కాకుండా మీరు ఎక్కువ కాలం సిక్‌లో ఉన్నారు, ఇప్పట్లో తిరిగొచ్చేలా లేరు కాబట్టి తీసేస్తున్నాం అంటే దాన్ని కేపబిలిటీ డిస్మిసల్ అంటారు, దానికి నోటీసు, హాలిడే డబ్బులు ఉంటాయి గానీ రిడండెన్సీ పే ఉండదు. ఇక్కడ కొంతమంది ఎంప్లాయర్లు ఏం చేస్తారంటే, టీమ్ మొత్తానికి రిడండెన్సీ నడుస్తుంటే సిక్‌లో ఉన్న మనిషిని మాత్రం పక్కకి తీసి కేపబిలిటీ కింద పంపించేస్తారు, అలా చేస్తే ఆ మనిషికి రిడండెన్సీ డబ్బు తప్పుతుంది కాబట్టి. అదే టైంలో మీ పోస్టు కూడా పోతోందని మీకు తెలిస్తే అసలు కారణం రిడండెన్సీయే అని గట్టిగా రాయండి. రిడండెన్సీ పే కోసం ట్రిబ్యునల్‌కి (ఉద్యోగ కేసులు చూసే కోర్టుకి) వెళ్తే చట్టం మీ పక్కనే మొదలవుతుంది, డిస్మిసల్ జరిగిందంటే అది రిడండెన్సీ వల్లే అని అనుకుంటారు, కాదని చూపించాల్సిన బాధ్యత ఎంప్లాయర్‌ది. చాలామందికి ఈ సంగతి తెలియక మనమే అన్నీ ప్రూవ్ చెయ్యాలేమో అని ముందే వదిలేస్తారు.

ఇంకోటి, దయచేసి రిజైన్ చెయ్యకండి. ఎలాగూ పనికి వెళ్ళలేకపోతున్నాను, గౌరవంగా నేనే రాజీనామా ఇచ్చేస్తాను అని మనవాళ్ళు తొందరపడతారు, మేనేజర్ కూడా మెల్లగా మీకు స్ట్రెస్ తగ్గుతుంది కదా అంటాడు, ఆ మాట విని రాజీనామా పంపితే రిడండెన్సీ పే మొత్తం పోతుంది. పరస్పర అంగీకారంతో వెళ్ళిపోతున్నట్టు ఏదైనా కాగితం ఇచ్చినా అంతే, ఎవరికైనా చూపించకుండా సంతకం వద్దు.

ఎవరికి వస్తుంది

ఎంప్లాయీ అయ్యుండాలి, అదే ఎంప్లాయర్ దగ్గర రెండేళ్ళు కంటిన్యూగా చేసుండాలి. సిక్ లీవ్‌లో ఉన్న కాలం కూడా ఈ రెండేళ్ళలోకి వస్తుంది, ఎందుకంటే కాంట్రాక్ట్ నడుస్తూనే ఉంది. ఏడాదిన్నర పనిచేసి తర్వాత ఎనిమిది నెలలు జబ్బుగా ఉన్నా రెండేళ్ళు దాటినట్టే. ఎస్ఎస్‌పీ (స్టాట్యుటరీ సిక్ పే, అంటే చట్టప్రకారం ఎంప్లాయర్ ఇచ్చే కనీస సిక్ పే) 28 వారాలతో అయిపోయి జీతం సున్నా అయినా కాంట్రాక్ట్ తెగలేదు, సర్వీస్ పెరుగుతూనే ఉంటుంది. 2025లో వచ్చిన కొత్త ఎంప్లాయ్‌మెంట్ చట్టం అన్‌ఫెయిర్ డిస్మిసల్ (అన్యాయంగా జాబ్‌లోంచి తీసేశారన్న) కేసుకి కావాల్సిన సర్వీసుని 2027 జనవరి నుంచి ఆరు నెలలకి తగ్గిస్తోంది, అది చూసి రిడండెన్సీ పేకి కూడా ఆరు నెలలే అనుకోకండి, దీనికి రెండేళ్ళే.

రెండేళ్ళకి కొద్ది రోజుల ముందు నోటీసు లేకుండా తీసేస్తే కూడా ఒకసారి లెక్క చూస్కోండి, చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస నోటీసు వారాలని చివరి తేదీకి కలిపి సర్వీస్ లెక్కేస్తారు, ఆ వారంతో రెండేళ్ళు దాటితే మీరు అర్హులే. అలాగే ఎనిమిదేళ్ళు పూర్తవడానికి నెల ఉందనగా డబ్బులిచ్చి అదేరోజు పంపించేస్తే, నోటీసు వారాలు కలిపితే ఎనిమిదో ఏడు కూడా లెక్కలోకి వస్తుంది.

ఐటీవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్ ఆఫీసులో ఆరేళ్ళు చేసి అదే గ్రూపులో యూకేకి వచ్చినవాళ్ళు ఆ ఆరేళ్ళు కూడా కలుస్తాయనుకుంటారు. రిడండెన్సీ పే విషయంలో బ్రిటన్ బయట ఉన్న వారాలు, అంటే ఇక్కడి ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్ కట్టాల్సిన అవసరం లేని వారాలు, లెక్కకి రావు. సర్వీస్ తెగిపోదు గానీ ఆ వారాలు తీసేసి లెక్కేస్తారు. ట్రీట్‌మెంట్ కోసం ఇండియా వెళ్ళి అక్కడే జీతం లేకుండా నెలల తరబడి ఉన్నవాళ్ళకి కూడా ఇదే సమస్య రావచ్చు, అందుకని ప్రయాణం తేదీలు, ఆ నెలల పేస్లిప్పులు జాగ్రత్తగా పెట్టుకోండి. మీ అసలు కాంట్రాక్ట్ ఇండియా కంపెనీతోనే ఉండి ఇక్కడికి డెప్యుటేషన్ మీద వచ్చుంటే మాత్రం ఎవరైనా ఎంప్లాయ్‌మెంట్ సలహాదారుకి కాంట్రాక్ట్ చూపించి అడగాల్సిందే.

లెక్క ఎలా వేస్తారు

పూర్తయిన ప్రతి సంవత్సరానికి, ఆ ఏడు మీ వయసు 22 లోపు ఉంటే అర వారం జీతం, 22 నుంచి 40 వరకు ఉంటే ఒక వారం, 41 నిండాక చేసిన ఏళ్ళకి వారంన్నర. చివరి 20 ఏళ్ళ సర్వీస్ వరకే చూస్తారు. వారం జీతానికి కూడా ఒక పైలిమిట్ ఉంది, 2025 ఏప్రిల్ 6 నుంచి 2026 ఏప్రిల్ 5 వరకు అది వారానికి 719 పౌండ్లుగా ఉండేది, ప్రతి ఏప్రిల్‌లో మారుతుంది కాబట్టి మీ జాబ్ ముగిసే తేదీకి ఏ రేటు ఉందో గవ్ డాట్ యూకేలో కాలిక్యులేటర్‌లో చూడండి. సంవత్సరానికి 60,000 జీతం ఉన్నా వారానికి ఆ లిమిట్ దాటి లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు సిక్ పే సంగతి. వారం జీతం అంటే మీరు కాంట్రాక్ట్‌లో ఉన్న మామూలు గంటలు పనిచేస్తే ఎంత రావాలో అంత, చట్టం అలాగే చెప్తుంది. మీకు చివరి నెలలో చేతికి ఎంత వచ్చిందన్నది ఇక్కడ లెక్క కాదు. హాఫ్ పేలో ఉన్నా, ఎస్ఎస్‌పీలో ఉన్నా, ఏమీ రాకపోయినా లెక్క మాత్రం ఫుల్ జీతం మీదే. మీరు సిక్‌లో ఉండగా అందరికీ జీతాలు పెరిగి మీ కాంట్రాక్ట్ రేటు కూడా పెరిగుంటే కొత్త రేటే అడగండి. ఓవర్‌టైం మాత్రం కాంట్రాక్ట్‌లో తప్పనిసరిగా ఇస్తామని రాసుంటేనే కలుస్తుంది.

గంటలు వారం వారం మారేవాళ్ళకి, ఫిక్స్‌డ్ గంటలు లేనివాళ్ళకి 12 వారాల సగటు తీస్తారు. ఇందులో జీతం అస్సలు రాని వారాలు వదిలేసి ఇంకా వెనక్కి వెళ్ళి జీతం వచ్చిన వారాలు తీసుకోవాలి. ఇక్కడ కంపెనీ పేరోల్ సాఫ్ట్‌వేర్ చివరి 12 వారాలు గుడ్డిగా తీసేసుకోవచ్చు, వాటిలో కొన్ని సున్నాలు కొన్ని ఎస్ఎస్‌పీ వారాలు ఉంటే సగటు ఘోరంగా పడిపోతుంది. అలా జరిగిందనిపిస్తే ఏ 12 వారాలు తీసుకున్నారో రాతపూర్వకంగా అడగండి, ఎస్ఎస్‌పీ వారాలు కలిపేసి ఉంటే అకాస్‌లోనో (ఉద్యోగ తగాదాల్లో ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) సిటిజన్స్ అడ్వైస్‌లోనో (ఉచితంగా సలహా ఇచ్చే చారిటీ) చూపించకుండా ఒప్పుకోవద్దు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కేర్ హోమ్‌లో పనిచేసే ఒక అక్క, వయసు 43, తొమ్మిదేళ్ళ సర్వీస్, మామూలు జీతం వారానికి 500 పౌండ్లు. 2024 జూన్ నుంచి సిక్‌లో ఉంది, ఎస్ఎస్‌పీ కూడా అయిపోయింది, 2025 జూన్ 30కి జాబ్ ముగుస్తోంది, హోమ్ మూసేస్తున్నారు. 41 నిండాక చేసినవి రెండేళ్ళు, వాటికి మూడు వారాలు, మిగతా ఏడేళ్ళకి ఏడు వారాలు, మొత్తం పది వారాలు. పది ఇంటూ 500, అంటే 5,000 పౌండ్లు. హెచ్ఆర్ వాళ్ళు ఆ అక్కకి చివరిగా ఇచ్చిన ఎస్ఎస్‌పీ రేటు, అప్పట్లో వారానికి 116.75, దాని మీద లెక్కేసి 1,167 పౌండ్ల 50 పెన్స్ అని లెటర్ పంపితే చూడ్డానికి అంతా పద్ధతిగానే కనిపిస్తుంది, పది వారాలు అని కరెక్టుగానే రాసుంటుంది, కానీ పక్కన రేటు తప్పు. అందుకే లెటర్‌లో ఎన్ని వారాలు అన్నదే కాదు, ఒక వారానికి ఎంత అని వేశారో ఆ అంకె చూడండి.

ఇది చట్టం ప్రకారం కనీసం. కంపెనీ పాలసీలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎజెండా ఫర్ చేంజ్ (ఎన్‌హెచ్‌ఎస్ స్టాఫ్ జీతాలు, షరతుల ఒప్పందం) కాంట్రాక్ట్ మీద ఉన్న నర్సులకీ మిగతా స్టాఫ్‌కీ ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, మాగ్జిమం 24 నెలల జీతం వరకు ఉంటుంది, 80,000 పౌండ్ల వార్షిక జీతం వరకే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి స్టాఫ్ హ్యాండ్‌బుక్ అడిగి తెప్పించుకోండి. ప్రైవేట్ కంపెనీ పాలసీలో "చివరి నెల అసలు జీతం మీద" లాంటి మాట ఉండి దానివల్ల సిక్‌లో ఉన్నవాళ్ళకి తక్కువ పడుతుంటే, చట్టప్రకారం వచ్చే కనీసానికి మాత్రం తగ్గకూడదు, పైగా ఆ జబ్బు డిసెబిలిటీ కిందకి వస్తే అది వివక్ష కేసు కూడా అవ్వొచ్చు.

నోటీసు పే, అందరూ పడేది ఈ గుంటలోనే

నెల నుంచి రెండేళ్ళ వరకు సర్వీస్ ఉంటే ఒక వారం, ఆపైన పూర్తయిన ప్రతి ఏడాదికి ఒక వారం చొప్పున 12 వారాల దాకా కంపెనీ నోటీసు ఇవ్వాలి, ఇది చట్టం చెప్పే కనీసం. కాంట్రాక్ట్‌లో ఎక్కువ ఉంటే ఎక్కువ. మన అక్కకి తొమ్మిది వారాలు.

సిక్‌లో ఉన్నవాళ్ళకి నోటీసు కాలంలో ఏం రావాలంటే, సిక్ పే ఎప్పుడో అయిపోయినా సరే ఈ నోటీసు వారాలకి ఫుల్ జీతం రావాలి. నెలల తరబడి సున్నా వచ్చిన మనిషికి నోటీసు మొదలవ్వగానే మళ్ళీ ఫుల్ జీతం అంటే హెచ్ఆర్‌లో ఉన్నవాళ్ళకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు, కానీ ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 1996లోనే 87 నుంచి 89 వరకు సెక్షన్లు చదివితే ఉంటుంది. అక్కకి తొమ్మిది వారాలకి 4,500 పౌండ్లు.

కానీ దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. కాంట్రాక్ట్ ప్రకారం కంపెనీ మీకు ఇవ్వాల్సిన నోటీసు, చట్టం చెప్పే నోటీసు కన్నా కనీసం ఒక వారం ఎక్కువ ఉంటే ఈ ఫుల్ జీతం హక్కు పనిచెయ్యదు. అప్పుడు నోటీసు కాలంలో మీకు మామూలుగా ఏ సిక్ పే రావాలో అదే, అది అయిపోయి ఉంటే ఏమీ రాదు. అంటే కాంట్రాక్ట్‌లో మంచి నోటీసు ఉన్నవాళ్ళే నష్టపోతారు, న్యాయంగా అనిపించదు, నాకూ అనిపించదు, కానీ చట్టం అలాగే ఉంది. అక్క కాంట్రాక్ట్‌లో నాలుగు వారాలు అని ఉంటే చట్టం ఇచ్చే తొమ్మిదే ఎక్కువ, కాబట్టి ఫుల్ జీతం. అదే కాంట్రాక్ట్‌లో పది వారాలు అని ఉంటే హక్కు పోయినట్టే. ఆరేళ్ళ సర్వీస్ ఉన్న ఐటీ ఉద్యోగికి చట్టం ప్రకారం ఆరు వారాలు, కాంట్రాక్ట్‌లో మూడు నెలలు ఉంటుంది, వాళ్ళు దాదాపు అందరూ ఈ గుంటలో పడతారు. పన్నెండేళ్ళు దాటి కాంట్రాక్ట్‌లో సరిగ్గా 12 వారాలు ఉంటే బయటపడతారు, మూడు నెలలు అని ఉంటే అది సుమారు 13 వారాలు కాబట్టి కష్టం.

గుంటలో పడ్డవాళ్ళు అడగగలిగేవి రెండు. ఒకటి, నోటీసు నడిపించకుండా దాని బదులు డబ్బులిచ్చి పంపమనడం. కాంట్రాక్ట్‌లో ఆ క్లాజు ఉండి "బేసిక్ జీతం ఇస్తాం" అని రాసుంటే ఫుల్ జీతం అడిగే వీలుంటుంది, కానీ ఆ క్లాజు వాడాలా వద్దా అన్నది సాధారణంగా కంపెనీ ఇష్టం. రెండోది, ఆరోగ్యం నిజంగా కొంచెం కుదుటపడి కొన్ని మార్పులతో పని చెయ్యగలిగితే, జీపీతో (మీ ఫ్యామిలీ డాక్టర్‌తో) మాట్లాడి ఫిట్ నోట్‌లో (పని చెయ్యగలరా లేదా అని డాక్టర్ రాసిచ్చే కాగితం) "మార్పులతో పని చెయ్యొచ్చు" అనే ఆప్షన్ మీద రాయించుకుని, నేను పనికి రెడీ అని కంపెనీకి చెప్పడం. వాళ్ళు ఒప్పుకుని పనిలోకి తీసుకున్నా, వద్దు ఇంట్లోనే ఉండమని గార్డెన్ లీవ్ పెట్టినా జీతం మామూలు జీతమే అవుతుంది. డబ్బు కోసం ఒంటిని ఇబ్బంది పెట్టి ఇది చెయ్యొద్దు, డాక్టర్ ఒప్పుకుంటేనే.

హాలిడే డబ్బులు

సిక్ లీవ్‌లో ఉన్నా సెలవులు పోగవుతూనే ఉంటాయి, ఏడాదికి 5.6 వారాలు. చాలా లెటర్లలో ఈ లైన్ అసలు ఉండదు, మీరు పనిచెయ్యలేదు కదా సెలవులు ఎక్కడివి అన్నట్టు. జబ్బు వల్ల వాడుకోలేకపోయిన సెలవుల్లో నాలుగు వారాలు తర్వాతి ఏడాదికి వస్తాయి, ఆ హాలిడే ఇయర్ ముగిసిన 18 నెలల్లోపు వాడుకోవాలి, ఈలోపు జాబ్ పోతే డబ్బు రూపంలో ఇవ్వాలి, అదీ మామూలు జీతం మీద. మన అక్క ఆఫీసులో హాలిడే ఇయర్ జనవరి నుంచి డిసెంబర్ అనుకోండి, 2024లో జబ్బు పడకముందు ఒక వారం వాడుకుంది, నాలుగులో మూడు మిగిలాయి, 2025లో సగం ఏడాదికి 2.8 వారాలు, మొత్తం 5.8 వారాలు, అంటే 2,900 పౌండ్లు.

ఇప్పుడు కలపండి. రిడండెన్సీ 5,000, నోటీసు 4,500, హాలిడే 2,900, మొత్తం 12,400. లెటర్‌లో మొదట వచ్చిన అంకె 1,167. తేడా అంత ఉంటుంది కాబట్టే ఇంతసేపు చెప్తున్నాను.

ట్యాక్స్ విషయం త్వరగా: రిడండెన్సీ పేకి 30,000 పౌండ్ల వరకు ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, నోటీసు డబ్బు, హాలిడే డబ్బు మాత్రం జీతంలాగే కట్ అవుతాయి. చివరి పేస్లిప్‌లో మూడూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి, అన్నీ ఒకే లైన్‌లో పడేసి ట్యాక్స్ కోసేస్తే సరిచెయ్యమనండి.

అసలు మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారు

డబ్బు లెక్క కన్నా ముందే అడగాల్సిన ప్రశ్న ఇది కూడా. సిక్‌లో ఉన్నవాళ్ళని రిడండెంట్ చెయ్యకూడదని చట్టం లేదు, నిజంగా పోస్టు పోతే చెయ్యొచ్చు. కానీ పదిమందిలో ముగ్గురిని తీసెయ్యాలి అన్నప్పుడు అటెండెన్స్ మార్కులు వేసి సిక్‌లో ఉన్న మనిషిని కిందకి నెట్టేస్తే, ఆ జబ్బు ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం డిసెబిలిటీ అయితే అది పెద్ద కేసు. ఏడాది పైన ఉన్న లేదా ఉండబోయే జబ్బు, రోజువారీ పనులని బాగా ఇబ్బంది పెట్టేది, ఒంటికి సంబంధించినదైనా మనసుకి సంబంధించినదైనా డిసెబిలిటీ కిందకే వస్తుంది. క్యాన్సర్, హెచ్ఐవీ, ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) అయితే డయాగ్నోస్ అయిన రోజు నుంచే. డిప్రెషన్‌ని డిసెబిలిటీ అని రాయడానికి మనవాళ్ళు చాలా మొహమాటపడతారు, ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారో అని, కానీ ఇది ఊళ్ళో ఎవరికీ వెళ్ళదు, రాయకపోతే మాత్రం మీ రక్షణ పోవచ్చు. ఈ చట్టానికి రెండేళ్ళ సర్వీస్ కూడా అక్కర్లేదు.

మార్కుల షీట్ అడగండి, మీ మార్కులు, ఏ క్రైటీరియా మీద వేశారు, జబ్బు వల్ల వచ్చిన ఆబ్సెన్స్ తీసేసి వేశారా లేదా అని. పర్ఫార్మెన్స్ మార్కులైతే మీరు బాగున్నప్పటి ఏడాది అప్రైజల్ తీసుకోమనండి.

కన్సల్టేషన్ మీటింగులకి మిమ్మల్ని పిలవకపోవడం కూడా తప్పే, సిక్‌లో ఉన్నారు కదా డిస్టర్బ్ చెయ్యొద్దనుకున్నాం అనేది సాకు. కీమో రోజు కాకుండా వేరే రోజు పెట్టమనండి, ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో చెయ్యమనండి, మీ ఆయన్నో మీ ఆవిడనో పక్కన కూర్చోనివ్వమనండి, ప్రశ్నలు ముందే రాసి పంపమనండి. 20 మంది లేదా ఎక్కువమందిని 90 రోజుల్లోపు తీసేస్తుంటే మొదటి డిస్మిసల్‌కి కనీసం 30 రోజుల ముందు, 100 మంది లేదా ఎక్కువైతే 45 రోజుల ముందు కలెక్టివ్ కన్సల్టేషన్ (యూనియన్‌తోనో ఉద్యోగుల ప్రతినిధులతోనో చర్చ) మొదలెట్టాలి.

ఖాళీలు ఉంటే వాటి లిస్టు మీకూ పంపాలి. వేరే పోస్టు ఇస్తే నాలుగు వారాల ట్రయల్ ఉంటుంది. తగిన పోస్టుని కారణం లేకుండా కాదంటే రిడండెన్సీ పే పోతుంది, కాబట్టి ఊరికే వద్దు అనకండి, నైట్ షిఫ్టులు ఉన్నాయి, రోజూ రెండు గంటల ప్రయాణం, నా ఆరోగ్యానికి కుదరదు అని కారణం రాసి, వీలైతే జీపీ లెటర్ పెట్టి కాదనండి.

ఆఫీసులో ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ ఉందేమో కూడా కనుక్కోండి. లాంగ్ సిక్‌లో ఉన్నవాళ్ళకి జీతంలో కొంత శాతం ఇన్సూరెన్స్ కంపెనీ ఏళ్ళ తరబడి ఇచ్చే పాలసీ అది, జాబ్‌లో ఉన్నంతకాలమే నడిచేలా ఉంటే రిడండెన్సీతో అది పోతుంది, అప్పుడు చేతికొచ్చే రిడండెన్సీ పే కన్నా పోయేదే ఎక్కువ. అలాంటి పాలసీ ఉంటే లాయర్‌ని కలవకుండా ఏదీ ఒప్పుకోకండి. సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ (డబ్బు తీసుకుని ఇక కేసు వెయ్యనని రాసిచ్చే ఒప్పందం) ఇస్తే ఇండిపెండెంట్ అడ్వైజర్ దగ్గర సలహా తీసుకోకపోతే అది చెల్లదు, ఆ ఫీజు సాధారణంగా కంపెనీయే పెట్టుకుంటుంది, అడగండి.

వీసా మీద ఉన్నవాళ్ళకి

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే రిడండెన్సీ పే తీసుకోవచ్చా అని భయపడతారు. తీసుకోవచ్చు, అది ఎంప్లాయర్ ఇచ్చే డబ్బు, పబ్లిక్ ఫండ్ (వీసా మీద ఉన్నవాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కాదు. ఎస్ఎస్‌పీ కూడా పబ్లిక్ ఫండ్ కాదు, నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినందుకు వచ్చే న్యూ స్టైల్ ఈఎస్ఏ (జబ్బు వల్ల పని చెయ్యలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) కూడా కాదు. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇచ్చేది), పిప్ (డిసెబిలిటీ ఉన్నవాళ్ళకి ఇచ్చేది) లాంటివి మాత్రం పబ్లిక్ ఫండ్స్, వాటి జోలికి వెళ్ళొద్దు. ఎస్ఎస్‌పీ ఆగిపోతే ఎంప్లాయర్ దగ్గర ఎస్ఎస్‌పీ1 ఫారం (ఎస్ఎస్‌పీ ఆగిందని ఎంప్లాయర్ ఇచ్చే కాగితం) తీసుకుని ఈఎస్ఏకి అప్లై చెయ్యొచ్చు.

జీతం లేకుండా నాలుగు వారాలు దాటితే స్పాన్సర్‌షిప్ తీసేస్తారు అని ఎవరో చెప్తారు, ఆ రూల్‌కి సిక్ లీవ్ మినహాయింపు. జాబ్ అయిపోయాక స్పాన్సర్ పది వర్కింగ్ డేస్‌లో హోమ్ ఆఫీస్‌కి చెప్తారు, ఆ తర్వాత వీసాని మామూలుగా 60 రోజులకి కుదిస్తూ లెటర్ వస్తుంది. అందుకే నోటీసు నడిపించుకోవడమా, బదులు డబ్బు తీసుకోవడమా అన్నది వీసా ఉన్నవాళ్ళు వేరేగా ఆలోచించాలి, బదులు డబ్బు తీసుకుంటే జాబ్ ఆరోజే ముగుస్తుంది, వీసా గడియారం అప్పుడే మొదలవుతుంది. చట్టప్రకారం నోటీసులో ఫుల్ జీతం వచ్చేవాళ్ళకి నోటీసు నడిపించుకోవడమే మేలు, డబ్బూ వస్తుంది టైమూ వస్తుంది. పైన చెప్పిన గుంటలో పడ్డవాళ్ళు మాత్రం టైం ముఖ్యమా డబ్బు ముఖ్యమా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఎలా అడగాలి, ఎప్పటిలోపు

ఫోన్‌లో వద్దు, ఈమెయిల్ రాయండి. అందులో మీరు చేరిన తేదీ, ముగిసే తేదీ, వయసు, కాంట్రాక్ట్ ప్రకారం మామూలు వారం జీతం, ఎన్ని వారాల రిడండెన్సీ, ఎన్ని వారాల నోటీసు, ఎన్ని వారాల హాలిడే, ఒక్కోదానికి మీ లెక్క ప్రకారం ఎంత, వాళ్ళ లెటర్‌లో ఎంత ఉంది, తేడా ఎంత, ఇవి రాసి, రిడండెన్సీ పేని సిక్ పే మీద కాకుండా ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ ప్రకారం మామూలు వారం జీతం మీద లెక్కించి ఫలానా తేదీలోపు ఇవ్వండి అని స్పష్టంగా పెట్టండి. కోపంగా రాయాల్సిన పని లేదు, చాలాసార్లు పేరోల్‌లో జరిగిన పొరపాటే, ఈ ఒక్క మెయిల్‌తోనే సరిచేసేస్తారు. వాళ్ళు లెక్క ఎలా వేశారో రాతపూర్వకంగా ఇవ్వడం కూడా వాళ్ళ బాధ్యతే.

ఈ మెయిల్‌కి ఇంకో ఉపయోగం ఉంది. రిడండెన్సీ పే క్లెయిమ్‌కి జాబ్ ముగిసిన రోజు నుంచి ఆరు నెలల గడువు, ఆలోపు ఎంప్లాయర్‌కి రాతపూర్వకంగా అడిగితే మీ హక్కు నిలబడుతుంది. కానీ నోటీసు పే, హాలిడే పే, అన్‌ఫెయిర్ డిస్మిసల్, డిసెబిలిటీ వివక్ష వీటికి మూడు నెలలకి ఒక రోజు తక్కువ. కొత్త చట్టంతో ఈ గడువులు చాలావరకు ఆరు నెలలకి మారుతున్నాయి గానీ మీరు మాత్రం మూడు నెలల లెక్కతోనే క్యాలెండర్‌లో పెట్టుకోండి, ముందు వెళ్తే నష్టం లేదు. ట్రిబ్యునల్‌కి ముందు అకాస్‌లో ఎర్లీ కన్సిలియేషన్ (కేసు కాకుండా రాజీ కుదిర్చే ప్రయత్నం) మొదలెట్టాలి, దానికీ ఫీజు లేదు, ట్రిబ్యునల్‌కీ ఫీజు లేదు. అకాస్ హెల్ప్‌లైన్ 0300 123 1100. యూనియన్‌లో ఉంటే, యూనిసన్ గానీ ఆర్‌సీఎన్ గానీ యునైట్ గానీ, ముందు వాళ్ళకే ఫోన్ చెయ్యండి. లేకపోతే మీ హోమ్ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి లీగల్ కవర్ ఉందేమో చూడండి, చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు తెలీదు.

కంపెనీ దివాలా తీసేస్తే మెయిల్ పెట్టినా జవాబు చెప్పేవాళ్ళు ఉండరు, అప్పుడు గవర్నమెంట్ రిడండెన్సీ పేమెంట్స్ సర్వీస్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలి. దివాలా చూసే ప్రాక్టీషనర్ మీకు సీఎన్‌తో మొదలయ్యే ఒక కేస్ నంబర్ ఇస్తారు, సిక్‌లో ఉన్నవాళ్ళ అడ్రస్ లిస్టులో పాతది ఉండి ఆ లెటర్ రాకపోవడం జరుగుతుంది కాబట్టి మీరే వాళ్ళకి ఫోన్ చేసి నంబర్ తీసుకోండి. రిడండెన్సీ పే, చట్టప్రకారం నోటీసు, ఆరు వారాల వరకు హాలిడే, ఎనిమిది వారాల వరకు బాకీ జీతం అక్కడి నుంచి వస్తాయి, అదే వారం లిమిట్‌తో. అక్కడ కూడా ఫారంలో వారం జీతం అని అడిగిన చోట సిక్ పే అంకె వెయ్యొద్దు, మామూలు జీతం వేసి పక్కన కాంట్రాక్ట్ కాపీ, జబ్బు పడకముందు పేస్లిప్పులు రెడీగా పెట్టుకోండి.